కాణిపాకానికి పోయిన పాలబండి

"ట్యాంకు నిండా పట్టించి పంపినాను గదప్పా. పుత్తూరు పోయి వచ్చేసరికే ముల్లు అంత కిందికి ఏల దిగింది?"

"నన్నడిగితే నేనేం సెప్పేదన్నా? నేనేమన్నా గొంతులో పోసుకొన్నానా? బండి ఎత్తు ఎక్కలేక దగ్గతా ఉండాదని మొన్నటినించి మొత్తుకొంటానే ఉండా."

"దగ్గింది బండో, నువ్వు అల్లే కతో, దేవుడికే తెలియాల."

"ఆ మాట అనొద్దన్నా. ఇదో తాళం ఈడ పెడతా ఉండా, ఇంకొకర్ని సూసుకో."

నిన్న పొద్దున మా వాకిట్లో మా పెద్దవాడికీ, వాడి దగ్గర పికప్పు బండి నడిపే డ్రైవరుకూ జరిగిన మాటలివి. నేను వసారాలో కూర్చొని చింతపండులో గింజలు తీస్తున్నాను. వాళ్ళ గొడవ వాళ్ళది, నాకెందుకులే అని తల ఎత్తకుండా వింటున్నదాన్ని, ఆ పిల్లవాడు తాళం తీసి తిన్నె మీద పెట్టబోయేసరికి మాత్రం చేతిలో పని ఆగిపోయింది. ఆ తాళం అక్కడ పెట్టొద్దని గట్టిగా అన్నాను. మావాణ్ణి నోరు మూసుకోమన్నాను, ఆ పిల్లవాణ్ణి లోపలికి వచ్చి కాఫీ తాగమన్నాను. మా కోడలు వంటింట్లోంచి తొంగి చూసింది. అడగనివాళ్ళకు కాఫీ ఇమ్మని నేను చెప్పడం ఆమె ఈ ఇంట్లో అడుగుపెట్టినాక విన్నది లేదు మరి. చెంచాడు చక్కెర ఎక్కువైతే డబ్బా మూత తీసి చూసే ముసలిదాన్ని నేను.

వాళ్ళిద్దరూ చల్లబడ్డారు గానీ నా మనసు చల్లబడలేదు. ఇంటి బండి దారిలో ఆగితే అందరూ ముందు ఇంజను వైపు చూస్తారనుకుంటారు. చూడరు. ముందు డ్రైవరు మొహం వైపు చూస్తారు. అది నాకు మా తమ్ముడి కాలంలో తెలిసివచ్చింది.

మాది వడమాలపేట దగ్గర పల్లె. నేను చదివింది మూడో తరగతి దాకా. పలక పగిలిన రోజున మా నాయన కొత్త పలక కొనకుండా నా చేతికి పేడగంప ఇచ్చాడు, అంతటితో సరి. అమ్మ తొందరగా పోయింది కాబట్టి తమ్ముణ్ణి చంకన వేసుకొని తిరిగినదాన్ని, వాడికి అన్నం కలిపి పెట్టినదాన్ని, అవసరమైనప్పుడు వీపు మీద రెండు వేసినదాన్ని కూడా నేనే. గంజి పారబోయరాదు, ఒకసారి గీసిన అగ్గిపుల్లతో రెండు పొయ్యిలూ అంటించుకోవాలి, తాడు తెగితే ముడివేసి వాడుకోవాలి అనే బుద్ధులన్నీ వాడికి నా చేతి మీదుగానే వచ్చాయి. పెద్దయ్యాక తిరుపతికి పోయి, అలిపిరి కాడ యాత్రికులను ఎక్కించుకునే జీపుల వెంట క్లీనరుగా తిరిగి, బండి నడపడం నేర్చుకున్నాడు. మంచి చెయ్యి వాడిది. గతుకు వచ్చిందని మన నడుముకు తెలియనిచ్చేవాడు కాదు.

మా అత్తగారింట్లో అప్పుడు పాడి ఎక్కువ. చుట్టుపక్కల ఇళ్ళ పాలు కూడా పోగేసి తిరుపతిలో హోటళ్ళకూ, లాడ్జీల కింద ఉండే కాఫీ అంగళ్ళకూ పోసేవాళ్ళం. పాలు పెరిగేకొద్దీ సైకిళ్ళ మీద మోయడం కుదరక, మా ఆయన ఎవరో వాడి వదిలేసిన డీజిలు పికప్పు ఒకటి కొన్నాడు. నడపడానికి పరాయివాణ్ణి పెట్టుకోవడం ఎందుకని తానే పోయి తమ్ముణ్ణి పిలుచుకొని వచ్చాడు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి, ఎందుకంటే తర్వాత్తర్వాత వాడు అక్క పంచన చేరి తిన్నట్టు మాటలు పుట్టాయి. వాడు వచ్చింది బావ పిలిస్తేనే.

కొంతకాలం అంతా బాగానే నడిచింది. ఒకనాడు వాడు డీజిలు పట్టించుకొని మూత సరిగ్గా బిగించకుండా వచ్చేశాడు, ఆ మూత దారిలో ఎక్కడో పడిపోయింది. వాడు గుడ్డ కుక్కి ఇంటికి తెచ్చాడు. వయసు పిల్లవాడు చేసిన మరపు అది. కానీ మా అత్త దాన్ని మరపు అనుకోలేదు. మూత లేని దుత్తకు పిల్లి కాపలా అని నాకు వినపడేట్టు అని, కొడుకుతో చెప్పి తాళం వేసుకునే కొత్త మూత తెప్పించింది. దాని తాళంచెవి తన బొడ్లో దోపుకుంది. డీజిలు పట్టించాల్సిన రోజున మా ఆయన తల్లిని అడిగి చెవి తీసుకొని, తానే బండెక్కి బంకుకు పోయి, పట్టించి, తాళం వేసి, మళ్ళీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాలి. తమ్ముడికి ఆ మూత తెరిచే పని ఇంక లేదు.

మా అత్త చెడ్డ మనిషి కాదు. మొగుడు పోయినాక ఇల్లు నిలబెట్టింది ఆమె, మనిషిని నమ్మితే ఇల్లు నిలబడదని ఆమెకు ఎవరో నేర్పించారు, అంతే. దేవుణ్ణి మాత్రం బాగా నమ్మేది. కొత్త మూత వచ్చినప్పటినించి శుక్రవారం శుక్రవారం బండికి తానే పూజ చేసేది. నిమ్మకాయలూ కర్పూరమూ అందరూ చేసేవే గానీ, బండి అన్నం తినే నోరు అదే అని ట్యాంకు మూతకు గడపకు పూసినట్టు పసుపు చిక్కగా పూసి, తాళం పెట్టే సందు చుట్టూ కుంకుమ బొట్లు పెట్టేది. పాత పసుపు తుడవకూడదట, దాని మీదే కొత్తది. కొన్నాళ్ళకు ఆ మూత మా దేవుడి గడప మాదిరి పొరలు పొరలుగా మెరిసేది.

బండి మొదటిసారి ఆగింది రేణిగుంట దాటినాక. ఇంజను ఊపిరాడనట్టు మూలిగి, కాలు ఎంత తొక్కినా లేవక, వణికి ఆగిపోయిందట. మా ఈడు మగవాళ్ళకు ఆ కాలపు డీజిలు బండ్ల సంగతి తెలిసే ఉంటుంది. పైపుల్లో గాలి జొరబడితే ఇంజనుకు డీజిలు అందదు, అప్పుడు ఫిల్టరు మీది చిన్న బోల్టు వదులు చేసి, పక్కనే ఉండే చేతిపంపును ఒత్తి ఒత్తి, నురుగంతా పోయి చిక్కటి డీజిలు వచ్చేదాకా కొట్టాలి. గాలి తీయడం అంటారు దాన్ని. వాడు రోడ్డు పక్కన కూర్చొని గాలి తీశాడు, బండి లేచింది. ఎండ ముదిరేసరికి పాలు పోసి వచ్చాడు, ఒక్క క్యాను విరిగింది.

ఒకసారి అయితే అనుకోవచ్చు. వారం తిరక్కుండా మళ్ళీ, ఆ తర్వాత మళ్ళీ. ఊళ్ళో మెకానిక్కు చూసి ఫిల్టరు మార్చాడు. అయినా ఆగింది. రబ్బరు పైపులు చీలి ఉంటాయన్నారు, అవీ మార్చాము. మా ఆయన చెవి అడిగి తీసుకొని వెంట పోతే, తిరుపతిలో ఒక షెడ్డులో పంపు ఊడదీసి బాగుచేశారు, ట్యాంకు దించి కడిగారు. కడిగేటప్పుడు ఆ పనివాళ్ళు పసుపు కుంకుమ ఉన్న మూత కాళ్ళకు తగలకూడదని, దాన్ని తీసి గుడ్డ పరిచి పైన అటక మీద పెట్టారని తమ్ముడు వచ్చి చెబితే మా అత్త ఆ ఒక్క పనికి మాత్రం వాళ్ళను మెచ్చుకుంది. బండి కొన్నాళ్ళు నడిచింది. మళ్ళీ ఆగింది.

పాలకు మనిషి మాదిరి ఓపిక ఉండదు. పాలు పోయించుకునే హోటలువాళ్ళు ఒకరిద్దరు వేరే వాళ్ళను చూసుకున్నారు. పాలిచ్చిన పక్కిళ్ళవాళ్ళు సాయంత్రాలు మా వాకిట్లోకి వచ్చి నిలబడేవాళ్ళు, పైకి ఏమీ అనరు, బండి బాగైందా అని అడుగుతారు. ఆ అడగడమే చాలు. మా అత్త ఆలోచించడం మొదలుపెట్టింది, ఆమె ఆలోచన ఎప్పుడూ ఒకే దారిన పోయేది. బండి డీజిలు నింపిన రోజే ఆగుతోంది, నింపని రోజు ఆగడం లేదు. ఇది నిజమే, నేనూ గమనించాను. ఒకరోజు మా ఆయన కూడా పాలబండిలో పోయి వచ్చాడు, ముందురోజే నింపి కొంత వాడిన ట్యాంకు అది, ఆ రోజు బండి ఒక్కచోట కూడా ఆగలేదు. నేనుంటే ఆగలేదే అన్నాడు రాత్రి అన్నం దగ్గర, ఎవరి మొహమూ చూడకుండా. బండి ఆగడం వట్టి సాకని, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే డీజిలు లాగేవాడికి పని ఉంటుందని, తాళం ఎంత పెట్టినా దొంగచెవి చేయించుకునేవాడికి తిరుపతిలో ఏం కరువని మా అత్త గోడతో అన్నట్టు అంది.

అంతలో పక్కింటి వదిన ఒకామె, తమ్ముడు రోడ్డు పక్కన బండి ఆపి సీసాలోకి డీజిలు పట్టుకుంటూ ఉండగా కళ్ళారా చూశానని చెప్పింది. మా ఆయన పోయి సీటు కింద వెతికితే సీసా దొరికింది, సగానికి డీజిలు ఉంది. తమ్ముడు దాచలేదు. గాలి తీసేటప్పుడు నురుగుతో పాటు పోయే డీజిలు నేలపాలు చేయడం ఎందుకని సీసాకు పట్టి, చేతికంటిన మడ్డి కడుక్కోవడానికి వాడుతున్నానన్నాడు. నాకు ఆ మాట విన్నవెంటనే నిజమని తెలిసింది. నా చేతికింద పెరిగిన పిల్లవాడు అట్లాంటిది నేల మీద ఒలికించలేడు. కానీ నాకు తెలిసిందని ఎవరికి చెప్పేది? నేను నోరు తెరిస్తే తోడబుట్టినవాణ్ణి వెనకేసుకొస్తోంది అంటారు, తెరవకపోతే అక్కే నమ్మలేదు చూడు అంటారు. ఆ రోజుల్లో నేను వంటింట్లో గిన్నె కింద పెట్టినా చప్పుడు కాకుండా పెట్టేదాన్ని.

చివరికి మా అత్తే తేల్చింది. వసారాలో అందరినీ కూర్చోబెట్టి, నెమ్మదిగా అంది.

"కాణిపాకం పోదాం. తల మునిగి స్వామి ముందర నిలబడి సెప్పమను, సుక్క డీజిలు అమ్ముకోలేదని. సెప్తే మల్లా ఈ ఇంట్లో ఎవురూ ఆ మాట ఎత్తరు."

మా చిత్తూరు వైపు వాళ్ళకు ఇంకేమీ వివరించనక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం చెబుతాను. కాణిపాకం వినాయకుడి ముందర తడిబట్టతో నిలబడి అబద్ధపు ప్రమాణం చేసినవాడు బాగుపడడని మా నమ్మకం. కోర్టులో దొంగసాక్ష్యం చెప్పి నవ్వుకుంటూ బయటికి వచ్చేవాళ్ళు కూడా అక్కడ నోరు తెరవడానికి జంకుతారు. తప్పు చేసినవాడికి అది భయం, చేయనివాడికి అవమానం. వాణ్ణి ప్రమాణానికి తీసుకుపోయినారంట అన్న మాట ఒకసారి పుడితే, ఏమని ప్రమాణం చేశాడన్నది ఎవరికీ గుర్తుండదు. తీసుకుపోయిందే గుర్తుంటుంది. ఆడపిల్లనిచ్చే ఇంటివాళ్ళు ముందు అదే అడుగుతారు. వాడికి అప్పుడప్పుడే సంబంధాలు చూస్తున్నాము.

తమ్ముడు ఒకటే మాట అన్నాడు. "వస్తానత్తా."

మంచిరోజు చూసుకొని బయలుదేరాము. బండి ఊరికే ఖాళీగా పోవడం మా ఇంట్లో లేదు కాబట్టి ముందు తిరుపతికి పోయి పాలు పోసి, అక్కడే మా ఆయన ట్యాంకు నిండా డీజిలు పట్టించి, తాళం వేసి, చెవి మళ్ళీ తల్లికి ఇచ్చాడు. ముందు తమ్ముడూ, నడుమ మా ఆయనా, కిటికీ పక్కన మా అత్త. వెనక ఖాళీ క్యాన్ల మధ్య నేను. అద్దంలోంచి నాకు తమ్ముడి మెడ వెనకభాగం మాత్రం కనపడేది. మునగబోయేవాడికి అవసరమని వాడు ఆ పొద్దున క్షవరం చేయించుకొని వచ్చాడు. దారంతా నేను ప్రతి ఎత్తులోనూ ఇంజను చప్పుడు వింటూ, ఇవాళ ఒక్కరోజు ఆగకుండా పోనీ స్వామీ అని మొక్కుకుంటూ ఉన్నాను. ఆగితే ప్రమాణానికి ముందే తీర్పు అయిపోయినట్టు చూస్తారని నా భయం.

చంద్రగిరి దాటి కొంత దూరం పోయినాక మూలుగు వినపడింది. క్యాన్లు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. తమ్ముడు బండిని రోడ్డు పక్కకు తీసుకోగలిగినంత దూరం లాగి, ఆపాడు. మా అత్త కిందికి దిగి, చెట్టు లేని ఎండలో నిలబడి, స్వామి దారిలోనే పట్టుకున్నాడు అంది. తమ్ముడు ఆమె వైపు చూడకుండా ముందు బానెట్టు ఎత్తి చేతిపంపు కొట్టడం మొదలుపెట్టాడు. ఎంత కొట్టినా పంపు బిగుసుకున్నట్టు ఉందే గానీ డీజిలు రాదు, నురుగు కూడా రాదు.

కనుచూపు మేరలోనే ఒక షెడ్డు ఉంది. మా ఆయన నడిచిపోయి అక్కడి మెకానిక్కును పిలుచుకొచ్చాడు. నడివయసు సాయిబు, టోపీ పెట్టుకొని ఉన్నాడు, చేతిలో రెండు స్పానర్లు తప్ప ఇంకేమీ లేవు. ఏమేం మార్చారో అన్నీ చెప్పించుకున్నాడు. ఫిల్టరు ముట్టలేదు. వంగి కింద ట్యాంకును చూసి, పక్కరేకు మీద అరచేయి పెట్టి తడిమాడు. డొక్క లోపలికి పోయి ఉంది, ఆకలిగొన్న దూడ పొట్ట మాదిరి. ఏదన్నా గుద్దుకుందా అని అడిగాడు. లేదన్నాడు తమ్ముడు. గీత గూడా లేదు, గుద్దుకున్నది కాదు అని తనకు తానే అనుకొని లేచి, మూత తాళం అడిగాడు.

మా అత్త బొడ్డు మీద చెయ్యి పెట్టుకుంది. ఇయ్యనంది. ప్రమాణం అయ్యేదాకా ఆ మూత ఎవరూ ముట్టేది లేదంది, లోపల ఏం కలిపి ఉన్నదో ఇప్పుడే తెరిచి మాయ చేస్తారంది. మా ఆయన అమ్మా అని ఒకసారి పిలిచి ఊరుకున్నాడు. మెకానిక్కు ఇది తన పని కాదన్నట్టు పక్కకు తిరిగాడు. తమ్ముడు స్పానరు కింద పెట్టి, బస్సు ఏదన్నా వస్తే అందులో పోదాం కాణిపాకానికి, పదండి అన్నాడు.

నేను బండి మీంచి దిగాను. కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో మా అత్త ముందు చెయ్యి చాపి ఏదీ అడిగి ఎరగను. ఉప్పు కావాలన్నా, డబ్బాలో ఉప్పు అయిపోయిందత్తా అని చెప్పేదాన్ని, అంతే. ఆ రోజు పోయి ఆమె ముందర నిలబడి చెయ్యి చాపాను.

"తాళం ఇయ్యత్తా."

"ఏమ్మే, తమ్ముడి మీద పాశం పొంగతా ఉండాదా?"

"పొంగతానే ఉండాది. అయినా అడిగేది వానికోసరం గాదు. వాడు దొంగైతే నీ ముందరే తేలిపోనీ. గాకపోతే అదీ నీ ముందరే తేలాల. తాళం ఇయ్యి."

ఆమె నా మొహంలోకి చూసింది. చెవి తీసి నా చేతిలో పెట్టలేదు, తానే పోయి మూతకు తాళం పెట్టి తిప్పింది. మూత కాస్త కదిలిందో లేదో బుస్సుమని పాము బుసకొట్టినట్టు ఒక్క పెట్టున గాలి లోపలికి పోయింది, ఆ వెంటనే ట్యాంకు డొక్క టంగుమని బయటికి వచ్చింది. మా అత్త చెయ్యి వదిలేసి వెనక్కి అడుగేసింది. నలుగురం విన్నాము.

మెకానిక్కు తమ్ముణ్ణి ఇప్పుడు పంపు కొట్టమన్నాడు. రెండు ఒత్తులకే డీజిలు ఎగజిమ్మింది. తాళం తిప్పితే బండి మొదటి పిలుపుకే లేచింది. అప్పుడు అతను మూతను పిడికిట్లో పట్టుకోకుండా, అంచుల దగ్గర వేలికొసలతో ఎత్తి చూపించాడు. తాళం సందు పక్కన గాలి పోవడానికి సూదిమొనంత బెజ్జం ఉండాలట. అది ఎక్కడుందో కూడా తెలియకుండా పసుపు నిండి రాయిలా గట్టిపడి ఉంది.

"పిలకాయిలు ప్లాస్టిక్ సీసా నోట్లో పెట్టుకొని పీలస్తారు సూడు, సీసా నొక్కుకొని పోతాదే, అట్లే ఇదీ. డీజిలు పోయిన సోటికి గాలి రావాల. రాకపోతే పంపు ఎంత లాగినా ట్యాంకు వదలదు. నిండా ఉండేటప్పుడు లోపల గాలే ఉండదు గాబట్టి ఇంకా తొందరగా బిగిసిపోతాది." ఇంత చెప్పి మా అత్త వైపు తిరిగాడు. "ఇది దేవుడికి పెట్టింది పెద్దమ్మా, నా చేత్తో నేను గీకను. మీరే తుడిసేయండి."

పెట్టిన పసుపును ఎవరూ తుడవకూడదనే కదా ఇన్నాళ్ళూ అందరూ దాన్ని పక్కకు పెట్టుకుంటూ వచ్చింది. బండి ఆగినకొద్దీ ఈమె ఇంకో పొర పూసింది, పూసినకొద్దీ బండి ఆగింది. నా గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చాను. ఆమె ఎండలో కళ్ళు చికిలించుకొని, బెజ్జం వెతుక్కొని, పిన్నీసుతో పొడిచి పొడిచి పసుపు రాల్చింది. రాలినదాన్ని నేల మీద పడనీయకుండా కొంగులో పట్టుకుంది. క్షమించమని ఆమె అనలేదు. ఆమె నోట ఆ మాట అంతకు ముందూ వినలేదు, తర్వాతా వినలేదు. కానీ ఆ పొద్దున ఆమె చేతివేళ్ళు చూసినదాన్ని నేను, ఎవరేమన్నా ఆమెకు ఏమీ పట్టలేదని మాత్రం అననివ్వను.

నాకు గుండె మీది బండ దిగినట్టయింది. మా ఆయన మెకానిక్కును సాగనంపి వచ్చి, ఇంక కాణిపాకం ఎందుకు, వెనక్కి తిప్పమన్నాడు. తమ్ముడు స్టీరింగు ముందర కూర్చొని ఉన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"లేదు బావా. పిలిసినారు, బయలుదేరినాను. బండి సెప్తే నమ్మినారు గానీ నేను సెప్తే నమ్మలేదే. ఆ సెప్పేది ఆడే సెప్తా."

బండి ముందుకే పోయింది. పూతలపట్టు వైపు దారిలో మామిడితోటలు, అక్కడక్కడా బెల్లం వండే పొగ, అన్నీ నా పక్కనించి వెనక్కి పోతున్నాయి గానీ నేను వేటినీ చూసింది లేదు. కాణిపాకంలో వాడు కోనేట్లో మునిగి, నీళ్ళు కారుతూ వచ్చి స్వామి ఎదుట నిలబడ్డాడు. పూజారి ఏమని చెప్పాలో చెప్పబోతే, నాకు తెలుసు స్వామీ అని ఆపాడు.

"మా బావ బండిలో సుక్క డీజిలు నేను అమ్ముకోలేదు. వీళ్ళను ఇల్లు సేర్చినాక ఇంక ఆ బండి స్టీరింగు ముట్టను."

మొదటి మాట మేము చెప్పించడానికి తెచ్చింది. రెండోది వాడు సొంతంగా తెచ్చుకున్నది. విన్నాక మా అత్త స్తంభానికి ఆనుకొని కూర్చుంది. స్వామి ముందర అన్న మాటను వెనక్కి తీసుకోమని ఆ స్వామిని నమ్మినవాళ్ళెవరూ అడగలేరు, అందరికంటే ఆమె అడగలేదు. మా ఆయన భుజం మీది కొత్త తువ్వాలు తీసి వాడి తల తుడవబోయాడు. వాడు వద్దనలేదు, తల వంచి తుడిపించుకున్నాడు, తువ్వాలు పిండి మడిచి తిరిగి బావ చేతికిచ్చాడు. ఇద్దరి మధ్య జరిగింది అంతే.

తిరుగుదారిలో బండి ఎంత బాగా నడిచిందో చెప్పలేను. చంద్రగిరి ఎత్తులోనూ, తిరుపతి రద్దీలోనూ, ఎక్కడా మూలగలేదు. ఒక్కసారన్నా ఆగితే బాగుండు, ఇంకొంచెం ఆలస్యంగా ఇల్లు చేరుదుము అని నేను క్యాన్ల మధ్య కూర్చొని అనుకుంటూనే ఉన్నాను. అది ఆగలేదు.

నిన్న సాయంత్రం మా పెద్దవాడి బండికి మెకానిక్కు కుర్రవాడు వచ్చాడు. ఏదో తీగ తగిలించి చేతిలోని ఫోను వైపు చూసి, డీజిలు వెనక్కి పోయే పైపు ఒకచోట చెమర్చి డీజిలు కారిపోతోందని కాసేపట్లో చెప్పేశాడు. మావాడు డ్రైవరు పిల్లవాడి భుజం మీద చెయ్యి వేసి, సారీ అప్పా, ఏమీ అనుకోవద్దు అన్నాడు. వాడు నవ్వి, పోనీలేన్నా అన్నాడు. ఇద్దరూ కలిసి టీ అంగడికి పోయారు. నేను వసారాలోంచి చూస్తూ ఉండిపోయాను. ఇప్పటి పిల్లలకు ఓర్పు లేదు, దుబారా మనుషులు, దేవుడి మాటంటే లెక్కలేదు అని నేను రోజూ తిట్టేదాన్నే. అయినా ఆ చిన్న మాట మా ఇంట్లో ఆ రోజుల్లో ఏ మగవాడి నోటికీ రాలేదు, ఏ ఆడదాని నోటికీ రాలేదు. మా ఆయనకు మనసులో లేక కాదు, దాన్ని బయటికి తెచ్చే దారి తెలియక. ఆ దారిన తువ్వాలు ఒక్కటే బయటికి వచ్చింది. మా కాలంలో మాటకు ఉన్న బరువు పోయిందని బాధపడతాను, ఆ బరువు కింద నలిగినవాణ్ణి తలుచుకొని, పోతే పోనీ అని కూడా అనుకుంటాను. రెండూ నిజమే.

కాణిపాకం నించి వచ్చిన మరునాడు పొద్దున జరిగింది ఇది. తమ్ముడు పాలు పితికే వేళకే లేచి బండి కడిగి, క్యాన్లు తోమి బోర్లించి, నేను పోసిన గంజి తాగి, చిత్తూరు పోయే మొదటి బస్సుకు పోయాడు. బండి నడిపేవాడు లేక, నేనూ మా ఆయనా నిండు క్యాన్లు చెరొక పక్క పట్టుకొని రోడ్డు దాకా మోసి, తిరుపతి బస్సు ఆపి ఎక్కించాము. కండక్టరు లగేజీ టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆ రోజు పాలు విరగలేదు.